చర్చి ఒకటి, సంఘాలు నాలుగు: కారే పైకప్పు ఎవరు బాగు చేయించాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నం వన్ టౌన్‌లో పాత చర్చి. కట్టి నూరేళ్లు దాటింది. ఒకప్పుడు మా తెలుగు సంఘంలో మూడు వందల కుటుంబాలు ఉండేవట. ఇప్పుడు చాలామంది మధురవాడ, గాజువాక, పెందుర్తి వైపు ఇళ్లు కట్టుకుని వెళ్లిపోయారు. ఆదివారం ఆరాధనకు డెబ్బై మంది వస్తే ఎక్కువ. ఏడెనిమిదేళ్లుగా ఇదే చర్చిని తమిళ సంఘం ఆదివారం పదకొండుకు, మలయాళీ సంఘం ఆదివారం సాయంత్రం వాడుకుంటున్నాయి. ఒక యువ ప్రార్థన సహవాసం శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం రాత్రి కూడిక పెట్టుకుంటుంది. అందరూ నెలకింత అని ఇస్తారు. యువకులు మాత్రం ఏడాదిన్నరగా ఇవ్వడం లేదు. "మేం కొన్న సౌండ్ సిస్టమ్ మీరూ వాడుతున్నారు కదా" అంటారు.

ఈ వానలకు పైకప్పు మూడు చోట్ల కారింది. మేస్త్రీ ఆరు లక్షలు దాటుతుందన్నాడు. మా దగ్గర లక్షన్నర ఉంది. మలయాళీ సంఘం వాళ్లు రెండు లక్షలు ఇస్తామన్నారు. మా పెద్దలు వద్దన్నారు. "ఇవాళ డబ్బు పెడతారు, రేపు హక్కు అడుగుతారు" అని వాళ్ల భయం. కొందరైతే అద్దె పెంచుదాం, ఇష్టం లేకపోతే పొమ్మందాం అంటున్నారు. ఇది కాక బెంచీలు జరిపారని, చెప్పులతో లోపలికి వచ్చారని, తాళం ఇవ్వలేదని వారానికో గొడవ. నేను కోశాధికారిని, కమిటీలో అందరికన్నా చిన్నదాన్ని. డబ్బు సరిపోవడం లేదని నేను చెబితే, వాళ్ల తరఫున మాట్లాడుతున్నానని అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

— ఒక సోదరి, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, మలయాళీ సంఘం ఇస్తామన్న రెండు లక్షలు తీసుకోండి. కాకపోతే కాగితం రాసుకున్నాకే తీసుకోండి. ఎవరినీ పంపేయవద్దు. అద్దె కూడా పెంచవద్దు. ఎందుకో చెబుతాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు మీ పెద్దల భయం సంగతి. దాన్ని చాదస్తం అని కొట్టిపారేయకండి. మన దేశంలో 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఒకటుంది. ఒకరి స్థలాన్ని ఇంకొకరు అనుమతి మీద వాడుకోవడం గురించి అందులో ఉంది. మామూలుగా అయితే ఇచ్చిన అనుమతిని యజమాని వెనక్కి తీసుకోవచ్చు. కానీ అదే చట్టం 60వ సెక్షన్ ప్రకారం, అనుమతి పొందినవాళ్లు దాన్ని నమ్ముకుని, సొంత ఖర్చుతో శాశ్వతమైన కట్టడం పని ఏదైనా చేసి ఉంటే, ఆ అనుమతిని రద్దు చేయడం కుదరదు. కాబట్టి మీ పెద్దలు ఊరికే అనలేదు. ఎవరో ఎక్కడో దెబ్బతిన్న సంగతి విని ఉంటారు.

అయితే ఆ భయానికి మందు డబ్బు వద్దనడం కాదు. పని ఎవరు చేయించారు, ఏ షరతు మీద చేయించారు అన్నది ముందే రాసుకోవడం. మలయాళీ సంఘం తానే మేస్త్రీని పెట్టుకుని పైకప్పు వేయిస్తే ఒక సంగతి. చర్చి యజమాని ట్రస్టు చేయిస్తున్న మరమ్మతుకు మలయాళీ సంఘం విరాళం ఇచ్చి, 'ఈ విరాళం వల్ల స్థలం మీద, కట్టడం మీద మాకు ఏ హక్కూ రాదు' అని సంతకం పెడితే అది వేరే సంగతి. చెక్కు ట్రస్టు పేరన, పని ఆర్డరు ట్రస్టు పేరన, బిల్లులు ట్రస్టు పేరన ఉండాలి. ఆ పత్రం ముసాయిదాను ఆస్తి కేసులు చూసే వకీలుకు ఒకసారి చూపించండి. ఆరు లక్షల పనిలో వకీలు ఫీజు పెద్ద లెక్క కాదు.

ఇక్కడే ఇంకో ప్రశ్న వస్తుంది. అసలు యజమాని ఎవరు? "మా తాతలు కట్టిన చర్చి" అని మీ పెద్దలు అంటున్నారు. కట్టి ఉండొచ్చు, చందాలు ఎత్తి ఉండొచ్చు. కానీ కాగితం మీద ఆ స్థలం మీ సంఘం పేరున ఉండకపోవడానికే ఎక్కువ అవకాశం. పాత మిషన్ చర్చిల ఆస్తులు సాధారణంగా ట్రస్టుల పేరున ఉంటాయి. మీది దక్షిణ ఇండియా సంఘానికి చెందినదైతే సీఎస్ఐ ట్రస్ట్ అసోసియేషన్ పేరున ఉండాలి. బాప్టిస్టులదైతే దానికి తగిన ట్రస్టు వేరే ఉంటుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించండి, డయాసిస్ (బిషప్పు గారి) ఆఫీసులోనో మీ మిషన్ ఆఫీసులోనో పాత దస్తావేజు నకలు అడగండి. యజమాని పైవాళ్లయితే మీ లోకల్ కమిటీ ఇంకొకరికి చర్చిని అద్దెకిచ్చే అధికారమే లేకపోవచ్చు. అంటే ఇన్నేళ్లుగా మీరు 'అద్దె' అని రాస్తున్న రసీదులే రేపు మీకు తలనొప్పి తెస్తాయి. ఇంకొకటి, ఆరాధనకు మాత్రమే వాడే కట్టడాలకు ఆస్తి పన్ను మినహాయింపు ఉంటుంది. అద్దె వస్తోందని రసీదు పుస్తకమే చెబుతుంటే ఆ మినహాయింపు మీద ప్రశ్న రావచ్చు. నగరపాలక సంస్థ (జీవీఎంసీ) జోనల్ ఆఫీసులో మీ పరిస్థితి ఏమిటో కనుక్కోండి. కాబట్టి లీజు కాగితం జోలికి పోవద్దు. ట్రస్టు సంతకంతో అనుమతి పత్రం, అందులో ఏ రోజు, ఏ గంటలు, ఖర్చులో వాటా ఎంత, ఎన్ని నెలల నోటీసుతో ఎవరు తప్పుకోవచ్చు అన్నవి ఉంటే చాలు.

అద్దె వద్దనడానికి చట్టం ఒక్కటే కారణం కాదు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు ఏం చేస్తారు? కప్పు కారితే కింద బకెట్ పెట్టి ఓనర్‌కి ఫోన్ చేస్తారు. మీరు నెలకింత అని తీసుకున్నంత కాలం ఆ మూడు సంఘాలూ బకెట్టే పెడతాయి. వాళ్లకు ఎస్టిమేటు చూపించరు, కమిటీలో కుర్చీ వేయరు, తీరా కారేటప్పుడు మాత్రం "మీరూ వాడుతున్నారుగా" అంటారు. అది న్యాయం కాదు. అడక్కుండానే రెండు లక్షలు ఇస్తామన్న సంఘం అద్దెకున్నవాళ్లలా ఆలోచించడం లేదు. మీ పెద్దలు ఆ తేడాను గుర్తించాలి.

పాత కట్టడాన్ని పలువురు పంచుకుని మరమ్మతు దగ్గర ఇరుక్కుపోవడం మీ ఒక్కరి కథ కాదు. బేత్లెహేములో యేసు పుట్టిన చోటని చెప్పే చర్చినే చూడండి. గ్రీకు ఆర్థొడాక్సువాళ్లు, ఆర్మేనియన్లు, కాథలిక్ ఫ్రాన్సిస్కన్లు దాన్ని పంచుకుంటారు. ఎవరి భాగం ఏది, ఎవరు ఎప్పుడు ఏం చేయాలి అన్నది ఒట్టోమన్ సుల్తాను 1852లో ఇచ్చిన ఫర్మానాతో స్థిరపడింది. ఉన్నది ఉన్నట్టే ఉంచాలన్నది దాని సారం. యెరూషలేములో యేసు సమాధి ఉన్న చోటని చెప్పే పునరుత్థాన చర్చికీ ఇదే ఏర్పాటు. అక్కడ ముఖద్వారం పైన కిటికీ కింద ఒక చెక్క నిచ్చెన 18వ శతాబ్దం నుంచి అలాగే ఉంది. తీసే అధికారం ఎవరిదో తేలక ఎవరూ తీయరు. ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. ఎవరు ఏ మూల ఊడిస్తే, ఎవరు ఏ గోడ బాగు చేయిస్తే ఆ చోటు వాళ్లదే అన్నదానికి అది సాక్ష్యం అవుతుంది. 2011 డిసెంబరులో బేత్లెహేము చర్చిలో పండుగ ముందు శుభ్రం చేస్తూ రెండు వర్గాల గురువులు చీపుర్లతో కొట్టుకున్నారు, పోలీసులు వచ్చి విడదీశారు. మురికి గురించి కాదు ఆ గొడవ, హద్దు గురించి.

ఇక మీకు బాగా తగిలే సంగతి చెబుతాను. ఆ బేత్లెహేము చర్చి పైకప్పు ఏళ్ల తరబడి కారింది. చేయించే హక్కు ఎవరిదన్నది తేలక పని ముందుకు సాగలేదు. 2012లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోనూ చేర్చింది. కారణం వాన నీరు. పాలస్తీనా ప్రభుత్వం మధ్యలో నిలబడి, మూడు వర్గాలనూ ఒప్పించాక 2013లో పని మొదలైంది. 2019లో గానీ ఆ ప్రమాద జాబితా నుంచి బయటపడలేదు. మీ కమిటీలో పెద్దాయన మళ్లీ "హక్కు అడుగుతారు" అన్నప్పుడు ఈ సంగతి చెప్పండి. మరమ్మతును హక్కుతో ముడిపెడితే మరమ్మతు జరగదు. అందుకే మీ పత్రంలో మొదటి వాక్యం ఇలా ఉండాలి: ఊడ్చినా, సున్నం కొట్టించినా, ఫ్యాను కొన్నా, కప్పు వేయించినా ఎవరికీ హక్కు రాదు, పోదు. చివర్లో 'పోదు' అని కూడా రాయించండి. ఇతరులు డబ్బు పెట్టినంత మాత్రాన మీ సంఘం చిన్నదైపోదని మీ పెద్దలకు అది ధైర్యం.

ఫ్యాను అన్నాను కాబట్టి చెబుతున్నాను. మన చర్చిల్లో ఫ్యాను రెక్కల మీద, బెంచీ వీపు మీద, గడియారం కింద 'ఫలానా వారి జ్ఞాపకార్థం' అని రాయిస్తాం. నాకు అది ఇష్టమే. కానీ నాలుగు సంఘాలున్న చోట విరాళంగా వచ్చిన వస్తువు ఎవరిది అన్నది స్పష్టంగా ఉండాలి. యువకుల సౌండ్ సిస్టమ్ గొడవ అంతా ఇక్కడే పుట్టింది. అది వాళ్లదా, చర్చికి ఇచ్చేశారా? వాళ్లదే అయితే బీరువాలో పెట్టి తాళం వాళ్లు ఉంచుకోవాలి, మీరు ముట్టకూడదు. చర్చికి ఇచ్చేసి ఉంటే, కొన్న రోజు బిల్లు చూసి, ఇప్పటి ధర వేసుకుని, అంత మేరకు వాళ్ల బకాయిలో తగ్గించి, మిగిలింది వాయిదాల్లో కట్టమనండి. మొత్తం మాఫీ చేయకండి. ప్రతి నెలా కట్టిన తమిళ సంఘం ముఖం ఎలా చూస్తారు? అలాగని అందరి ముందూ నిలదీయకండి. కాలేజీ పిల్లలు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు అయ్యుంటారు. వాళ్ల నాయకుడితో విడిగా మాట్లాడితే పోతుంది.

ఇప్పుడు పైకప్పు. మేస్త్రీ ఆరు లక్షలు అన్నాడు సరే, ఏం చేస్తానన్నాడు? అది అడిగారా? నూరేళ్ల కట్టడం అంటున్నారు కాబట్టి మద్రాసు టెర్రస్ అయ్యే అవకాశం ఉంది. దూలాల మీద పలచటి ఇటుకలు నిలబెట్టి, పైన ఇటుక ముక్కలూ గానుగ సున్నం కలిపి దిమ్మిస కొట్టిన మిద్దె అది. ఆ రోజుల్లో సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కూడా కలిపేవారు. ఆ గోడలు, ఆ మిద్దె తడిని పీల్చుకుని మళ్లీ గాలికి వదిలేస్తాయి. ఇప్పటి మేస్త్రీలు చాలామంది చేసే పని, దాని మీద సిమెంటు దట్టంగా పూసేయడం. రెండేళ్లు బాగానే ఉంటుంది. తర్వాత లోపలి తడి బయటికి పోలేక ఇటుకలోనే ఉండిపోతుంది. సముద్రం పక్కన ఊరు, గాలిలోనే ఉప్పు. ఆ ఉప్పు గోడలో పేరుకుని, తెల్లగా పొంగి, పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. ఇనుప దూలాలైతే తుప్పు పట్టి ఉబ్బుతాయి. చెక్క దూలాలైతే గోడలోకి దిగిన చివరలు ముందుగా కుళ్లుతాయి. కింద నుంచి చూస్తే మధ్యలో గట్టిగానే కనిపిస్తాయి, అసలు బలహీనత గోడలో దాగి ఉంటుంది. పైన రంగు లాంటి వాటర్‌ప్రూఫింగ్ వేయించుకోవడం ఇంకా సులువు. పగుళ్లు కనిపించకుండా పోతాయి, కారడం మాత్రం మరో చోట మొదలవుతుంది.

అందుకని మేస్త్రీ మాట మీద ఆరు లక్షలు పెట్టకండి. ముందు ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుతో చూపించి రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోండి. ఆంధ్రా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ విభాగం ఊళ్లోనే ఉంది, వెళ్లి అడగండి. పాత కట్టడాల సంగతి తెలిసినవాళ్ల కోసం, వారసత్వ కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ విశాఖ విభాగాన్ని సంప్రదించండి. సున్నం పని తెలిసిన మేస్త్రీ ఎవరో వాళ్లకు తెలిసే అవకాశం ఎక్కువ. దూలాలు బాగుంటే ఆరు లక్షల కన్నా తక్కువలో తేలవచ్చు. బాగా లేకపోతే ఆరు లక్షలు చాలకపోవచ్చు, అప్పుడు ఆ మిద్దె కింద పిల్లలను కూర్చోబెట్టడం గురించే ఆలోచించాలి.

ఇంజనీరు వచ్చేలోపు డబ్బు లేకుండా అయ్యే పని ఒకటుంది. మనిషిని పైకి పంపి వాన నీరు పోయే తూములు, గొట్టాలు చూపించండి. పావురాల రెట్టలు, ఆకులు, పాత బెలూన్ ముక్కలు, క్రిస్మస్ స్టార్ కట్టిన వైర్లు వాటిలో ఇరుక్కుని ఉంటాయి. మిద్దె మీద నిలిచిన నీరే సగం కారుడుకు కారణం అవుతుంది. గోడ పగుళ్లలో రావి మొక్క ఉంటే చిన్నగా ఉన్నప్పుడే వేరుతో సహా తీయించాలి. పైన కోసేసి ఊరుకుంటే లోపల వేరు లావెక్కుతూనే ఉంటుంది. అక్టోబరు, నవంబరు మనకు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊళ్లో ఎన్ని రేకులు ఎగరగొట్టిందో మీకు చెప్పక్కర్లేదు. ఇప్పటికి కారే చోట టార్పాలిన్ గట్టిగా కట్టించి, అసలు పని సంక్రాంతి తర్వాత మొదలుపెట్టండి. సున్నం పని ఆరడానికి సమయం తీసుకుంటుంది, జూన్ వానల్లోపు పూర్తి కావాలి. క్రిస్మస్ ముందు హడావిడిగా చేయించి, పైన లైట్లు కట్టడానికి కుర్రాళ్లను ఎక్కించి తొక్కించేకంటే ఈ ఏడాది డెకరేషన్ తగ్గించుకోవడం మంచిది. ఈ మాట ఎవరికీ నచ్చదని తెలుసు.

కరెంటు దగ్గరా ఒక మాట. కీబోర్డు, మిక్సర్, ఆంప్లిఫయర్, ప్రొజెక్టరు, ఇవన్నీ ట్యూబ్‌లైట్ల కాలం నాటి వైరింగ్ మీద నడుస్తున్నాయా? పైన తడి, లోపల పాత వైరు ఉంటే ప్రమాదం. కప్పు పనితో పాటు వైరింగ్ కూడా చూపించండి. బిల్లు పంపకానికి పెద్ద లెక్కలేమీ అక్కర్లేదు. మూడు నెలల పాటు ప్రతి కూడికకు ముందు, తర్వాత మీటరు రీడింగ్ వాచ్‌మన్ నోటు పుస్తకంలో రాయాలి. దాన్ని బట్టి ఎవరి వాటా ఎంతో ఒకసారి తేల్చి, ఏడాది పాటు దాన్నే పాటించండి. ఆ తర్వాత పుస్తకం మూసేయండి. ఆరాధనకు వచ్చి యూనిట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఎవరికీ మనశ్శాంతి ఉండదు.

డబ్బు విషయంలో మీకు రక్షణ కావాలి కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. కట్టడం ఖర్చుకు వేరే బ్యాంకు ఖాతా పెట్టించండి. మీ సంఘం కానుకలు, పాస్టరు గారి జీతం, సండే స్కూలు ఖర్చు ఇందులో కలవకూడదు. ఖాతా ట్రస్టు అనుమతితో తెరవాలి. సంతకాలు ఇద్దరివి, ఒకరు మీ సంఘం నుంచి, ఒకరు మిగతా మూడింటి నుంచి. ఈ ఖాతాను చూసుకోవడానికి నాలుగు సంఘాల నుంచి ఇద్దరేసి ఉండే కట్టడం కమిటీ కావాలి. దానికి అధికారం కప్పు, గోడలు, కరెంటు, నీళ్లు, బెంచీలు, వాచ్‌మన్ జీతం, సమయాల పట్టిక వరకే. ఎవరి బల్ల ఆరాధన (ప్రభు భోజనం) ఎలా జరగాలి, ఎవరు ఎలా బాప్తిస్మం ఇవ్వాలి, ఎవరు బోధించాలి అన్నవి ఆ కమిటీ ముందుకు రానేకూడదు. బ్రిటన్‌లో ఇలా పంచుకోవడానికి 1969లో ఏకంగా ఒక చట్టమే చేశారు. సంఘాల మధ్య ఒప్పందం రాసుకోవడానికి, డబ్బు ఏర్పాట్లకు, ఉమ్మడి మండలి పెట్టుకోవడానికి అందులో దారి ఉంది. మనకు అలాంటి చట్టం లేదు, ఉన్నా లేకపోయినా నాలుగు పేజీల పత్రం మీరే రాసుకోగలరు.

వాటాలు ఎలా? తలలు లెక్కపెట్టవద్దు. వాడే గంటలను బట్టి రోజువారీ ఖర్చు పంచుకోండి. కప్పు లాంటి పెద్ద పనికి మాత్రం మీ సంఘం ఎక్కువ పెట్టాలి, ఎందుకంటే ఎవరు వచ్చినా పోయినా చివరికి ఆ చర్చి మీ పేరుతోనే ఉంటుంది. లక్షన్నర మాత్రమే ఉందన్నారు. మధురవాడ వెళ్లిపోయిన ఆ కుటుంబాల సంగతేమిటి? క్రిస్మస్‌కు, పెళ్లిళ్లకు, సమాధుల పండుగకు వస్తారు, కమిటీ ఎన్నికల్లో ఓటు వేస్తారు, "మా తాతల చర్చి" అని అందరికన్నా గట్టిగా అంటారు. వాళ్ల ఇళ్లకు ఇద్దరు పెద్దలు వెళ్లి రసీదు పుస్తకం ముందు పెట్టాలి. తమిళ సంఘాన్ని అడగడానికి ముందు వీళ్లను అడగడం ధర్మం.

ఇక వారం వారం గొడవలు. తమిళ సంఘం పదకొండుకు వస్తుందన్నారు. మీ ఆరాధన ఎప్పుడు ముగుస్తోంది? పదకొండుంపావు దాకా గేటు దగ్గర ఎండలో చంటిపిల్లలతో వాళ్లు నిలబడుతున్నారంటే తప్పు మీదే. చాలా చోట్ల ప్రసంగం కన్నా ప్రకటనలు పొడుగవుతున్నాయి, వాటిని కాగితం మీద రాసి గోడకు అంటించండి. రెండు ఆరాధనల మధ్య అరగంట ఖాళీ ఉండాలి, ఆ అరగంటలో ముందు సంఘంవాళ్లు బెంచీలు సర్ది, చెత్త తీసి వెళ్లాలి. యువకులు కింద జంపఖానాలు పరుచుకుని కూర్చుంటారేమో, అందుకే బెంచీలు జరుపుతున్నారు. ఈడ్చకుండా ఇద్దరు ఎత్తి జరపాలని, మళ్లీ అదే వరుసలో పెట్టాలని నేల మీద చిన్న గుర్తులు వేయించండి. బెంచీ కాళ్లకు రబ్బరు ముక్కలు కొట్టిస్తే నేల మీద గీతలు పడవు. చెప్పుల విషయంలో అలవాట్లు వేరు. మీరు గుమ్మం బయటే విడుస్తారు, ఇంకొకరు బూట్లతో వచ్చి బెంచీలో కూర్చోవడం మర్యాద అనుకుంటారు. బల్ల ఉన్న మెట్టు దగ్గర నుంచి అందరూ విడవాలి, మిగతా హాలులో ఎవరి పద్ధతి వాళ్లది అని ఒప్పుకుంటే చాలు. ఈ ఒక్క విషయం మీద విడిపోయే సంఘం ఏదైనా ఉంటే దానికి వేరే కారణం ఉందని అర్థం.

మరణం జరిగితే ఆ ఇంటివాళ్లకే చర్చి ముందు. ఏ సంఘంవాళ్లయినా సరే, అప్పటికి అక్కడ ఏ కూడిక ఉన్నా వాయిదా వేసుకోవాలి. పెళ్లిళ్లకు మాత్రం ఎవరు ముందు రాయించుకుంటే వాళ్లకు. మట్టల ఆదివారం, గుడ్ ఫ్రైడే, ఈస్టర్, క్రిస్మస్, డిసెంబరు 31 రాత్రి, ఈ రోజుల పట్టిక సెప్టెంబరులోనే తయారు కావాలి. డిసెంబరులో సెమీ క్రిస్మస్‌లు నాలుగు వేరువేరుగా పెట్టుకోకుండా ఒకటి కలిపి చేసుకుంటే ఖర్చు తగ్గుతుంది, కానీ దీన్ని బలవంతం చేయకండి. కలిసి పాడాలని వాళ్లకు అనిపించాలి.

తాళం ఏ సంఘం చేతిలోనూ ఉండకూడదు. వాచ్‌మన్ దగ్గర ఒకటి, కట్టడం కమిటీ కార్యదర్శి దగ్గర ఒకటి. యెరూషలేము చర్చి తాళం, తలుపు తీసే పని శతాబ్దాలుగా రెండు ముస్లిం కుటుంబాల చేతిలో ఉన్నాయి. తగవులో భాగం లేనివాళ్ల దగ్గర తాళం ఉంటే నిద్ర పడుతుంది.

శనివారం రాత్రి కూడికలో మైకు ఎంత గట్టిగా పెడుతున్నారో రాయలేదు. చుట్టూ ఇళ్లున్న వన్ టౌన్ కాబట్టి అడుగుతున్నాను. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతాయి, పగలు వాడాలన్నా రాతపూర్వక అనుమతి ఉండాలి. అదే ఏడాది సుప్రీంకోర్టు మద్రాసులోని ఒక పెంతెకోస్తు సంఘం కేసులో, ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి మైకుల్లో ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని తేల్చింది. బాక్సులు బయట వీధి వైపు పెట్టవద్దని మీ పత్రంలో ఒక వాక్యం ఉండాలి. ఫిర్యాదు వస్తే పోలీసులు ఏ సంఘం కూడికో చూడరు, చర్చి పేరు రాసుకుంటారు.

మీ పెద్దల్లో ఎవరైనా "బయటివాళ్లు" అన్న మాట వాడుతున్నారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు గానీ వినిపిస్తోంది. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ లండన్ మిషనరీ సొసైటీ తరఫున వచ్చి ఈ ఊళ్లో తెలుగు నేర్చుకుని బైబిలు అనువాదం మొదలుపెట్టినప్పుడు వాళ్లూ బయటివాళ్లే. 1933లో పోర్టు, 1941లో షిప్‌యార్డు పని, రైల్వే, నేవీ, వీటి కోసం వచ్చిన తమిళులు, మలయాళీలు మూడు తరాలుగా ఇక్కడే ఉన్నారు. వాళ్ల మనవలు మన పిల్లలతో కలిసి తెలుగులోనే తిట్టుకుంటున్నారు.

చివరిగా మీ సంగతి. కమిటీ మీటింగులో ఈ ప్రతిపాదన మీరే లేవదీయకండి. చిన్నదానివి, లెక్కలు చూసేదానివి, నీకెందుకు అంటారు. కమిటీలో నలుగురూ గౌరవించే పెద్దాయన ఒకరుంటారు, "హక్కు అడుగుతారు" అన్నది ఆయనే అయితే మరీ మంచిది. ఆయన ఇంటికి వెళ్లండి. పాస్టరు గారిని కూడా వెంట తీసుకెళ్తే బాగుంటుంది. కారిన మూడు చోట్ల ఫోటోలు, రెండేళ్ల కరెంటు బిల్లులు, బ్యాంకు పాసుపుస్తకం చూపించండి. మలయాళీ సంఘం డబ్బు ఏ షరతు మీద తీసుకోవచ్చో పైన చెప్పింది చెప్పి, ఆ షరతు ఆయన నోటితోనే మీటింగులో రావాలని అడగండి. ఆయన పెట్టిన షరతు అయితే ఆయనే దాన్ని కాపాడతారు.

తర్వాత ఒక శనివారం ఉదయం ఇంజనీరును పిలిపించండి. నాలుగు సంఘాల నుంచి ఒక్కొక్కరు ఆయన వెంట మిద్దె ఎక్కాలి, మీ పెద్దాయన మోకాళ్లు సహకరించకపోతే కింద కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఖర్చు అంకె అందరూ ఒకేసారి, ఒకే మనిషి నోట వినాలి. ఆ రోజు బకాయిల మాట, అద్దె మాట ఎవరెత్తినా మీరు జవాబు ఇవ్వకండి. కమిటీ మీటింగు తేదీ మాత్రం చెప్పండి.